బొంగరమా, పడవా?

(స్వర్ణోత్సవ సమ్మేళనం రెండో రోజు ఉదయం మన బడి ఆవరణలో చేసిన ప్రసంగ పాఠం. వక్త 1985 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, ప్రయోగశాల పరికరాల ఇంజనీరు.)

  

మన సంఘం కార్యదర్శి నా బెంచీవాడే. ఏ విషయం మీద మాట్లాడతావురా అని ఫోన్ చేశాడు. "మొక్కలకు తెగుళ్ళు తెచ్చే శిలీంద్రాలను ఎలా వర్గీకరిస్తారు అనే దాని మీద" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరవాత, "భోజనాల ముందా, తరవాతా?" అన్నాడు. ముందే పెట్టమన్నాను. భోజనాల తరవాత బూజుల గురించి వినడం ఎవరికీ మంచిది కాదు.

నేను శాస్త్రవేత్తను కాను. మైక్రోస్కోపులు, పీసీఆర్ యంత్రాలు ప్రయోగశాలల్లో బిగించి, చెడిపోతే బాగుచేసే ఇంజనీరుని. ముప్పై ఏళ్ళుగా అదే పని. అలా తిరిగిన చోట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రాలు కూడా ఉన్నాయి. యంత్రం బాగయిందో లేదో తేలాలంటే వాళ్ళు ఒక నమూనా పరీక్షించే దాకా పక్కనే నిలబడాలి. ఆ నిలబడిన వేళల్లో నేర్చుకున్నదే ఈరోజు చెబుతున్నాను. ఎందుకు నేర్చుకున్నానో కూడా చెబుతాను. దానికి ముందు ఈ బడిలో జరిగిన ఒక సంగతి.

ఎనిమిదో తరగతిలో సైన్సు మాస్టారు ఒకరోజు మూడు ఆకులు తెచ్చి బల్ల మీద పెట్టారు. వేపాకు, కరివేపాకు, నిమ్మాకు. "వీటిలో ఏ రెండు దగ్గరి చుట్టాలు?" అని అడిగారు. క్లాసంతా ఒకే గొంతుతో వేప, కరివేప అన్నాం. ఆకు తీరు అలాగే ఉంది. పేరులోనే వేప ఉంది. ఇంకేం కావాలి? మాస్టారు ఏమీ అనలేదు. "ఒక్కొక్కటీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు అడ్డం పట్టుకుని చూడండి" అన్నారు. నిమ్మాకులో సూదితో పొడిచినట్టు సన్నటి వెలుగు చుక్కలు కనిపించాయి. అవి నూనె గ్రంథులు. కరివేపాకులోనూ కనిపించాయి. వేపాకులో లేవు. "నలిపి వాసన చూడండి" అన్నారు. అప్పుడు చెప్పారు, కరివేప వేపకు దగ్గరి చుట్టం కాదనీ, నిమ్మ, నారింజ, వెలగ, మారేడు కుటుంబంలోదనీ. "కంటికి ఒకలా ఉన్నవన్నీ ఒక ఇంటివి కావు. ఒక పద్ధతిలో చూసి ఆగిపోవద్దు, రెండో పద్ధతిలో కూడా చూడండి" అన్నారు.

ఆ పాఠం నాకు బాగా గుర్తుంది. అవసరమైన రోజున మాత్రం గుర్తు రాలేదు.

అది 1988. నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా నాన్న సొంత ఎకరానికి తోడు ఇంకో రెండెకరాల మాగాణి కౌలుకు తీసుకుని సాంబ మసూరి వేశారు. బాపట్లలో తయారై రెండేళ్ళ క్రితమే విడుదలైన రకం, బీపీటీ 5204. సన్న బియ్యం, మంచి ధర. దసరా సెలవులకు ఇంటికొచ్చేసరికి చేను పచ్చగా, పొట్టకు రావడానికి సిద్ధంగా ఉంది. ఆకుల మీద మాత్రం అక్కడక్కడా చిన్న గోధుమరంగు మచ్చలు. నాన్న రెండు ఆకులు తుంచి తెచ్చి నాకు చూపించారు. "బాపట్ల కాలేజీకి పట్టుకెళ్ళి ఎవరికైనా చూపిద్దామా?" అని అడిగారు.

అంతకు కొన్నాళ్ళ ముందే గ్రంథాలయంలో వరి తెగుళ్ళ మీద ఒక చిన్న పుస్తకం తిరగేశాను. గోధుమరంగు మచ్చ తెగులు గురించి చదివింది గుర్తుంది. బలం లేని నేలల్లో, పోషకాలు చాలని పైరుకు అది ఎక్కువ వస్తుందని అందులో ఉంది. ఆకు చూశాను. మచ్చ గోధుమరంగులో ఉంది. తెగులు పేరు గోధుమరంగు మచ్చ. కరివేపలో వేప ఉన్నట్టే. "కాలేజీకి ఎందుకు నాన్నా, ఇది గోధుమ మచ్చ. చేనుకు బలం చాల్లేదు. ఇంకో దఫా యూరియా వెయ్యి, తేరుకుంటుంది" అన్నాను. నాన్న ఆకుల్ని ఇంకోసారి చూశారు. తలూపి, సాయంత్రం రెండు బస్తాల యూరియా తెచ్చి చల్లారు.

అది గోధుమ మచ్చ కాదు. అగ్గితెగులు. నత్రజని ఎక్కువైతే రెచ్చిపోయే తెగులు. పైగా రాత్రులు చల్లబడి మంచు పడే రోజులు వచ్చాయి. సంక్రాంతి సెలవులకు నేను వచ్చేసరికి కుప్ప నూర్పిడి అయిపోయింది. కంకి మెడ దగ్గర నల్లబడి విరిగిపోయిందనీ, గింజ పాలు పోసుకోక ముందే ఎండిందనీ అమ్మ చెప్పింది. మెడవిరుపు అంటారు. ఎకరానికి ముప్పై బస్తాలు రావలసిన చోట పన్నెండు వచ్చాయి, అందులోనూ తాలు. కౌలు బస్తాలు మాత్రం ఒప్పుకున్నన్నీ కొలవాలి. తిండికి ఉంచుకున్న గింజలు కూడా అందులోకే పోయాయి. ఆ ఏడు మా ఇంట్లో బియ్యం కొనుక్కుని తిన్నారు. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. నా ఫీజు మాత్రం ఎక్కడో అప్పు చేసి సమయానికి కట్టారు.

ఇదీ నేను శిలీంద్రాల వర్గీకరణ గురించి తెలుసుకోవడానికి కారణం. రెండు బూజుల్లో ఏది ఏదో తెలియకపోతే ఏమవుతుందో మా గాదెలో చూశాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ రోజు ఆకును సరిగ్గా ఎలా చూడాలి? ముందు కంటితో. అగ్గితెగులు మచ్చ ముదిరాక రెండు కొసలూ సన్నగా, మధ్యలో లావుగా, నూలు కండెలా ఉంటుంది. మధ్యలో బూడిదరంగు, అంచు గోధుమరంగు. గోధుమ మచ్చ తెగులులో మచ్చ నువ్వుగింజలా గుండ్రంగానో, కోలగానో ఉంటుంది. ఇంత తేడా ఉన్నా, రెండూ మొదట్లో చిన్న గోధుమ చుక్కలే. అప్పుడు కన్ను చాలదు.

తరవాతి మెట్టు మైక్రోస్కోపు. మచ్చ ఉన్న ఆకు ముక్కను తడి కాగితం పరిచిన గాజు గిన్నెలో పెట్టి మూత వేస్తారు. ఒకటి రెండు రోజుల్లో ఆ మచ్చ మీద శిలీంద్రం తన సిద్ధబీజాలను తయారు చేస్తుంది. వాటిని గాజు పలక మీద నీటి చుక్కలోకి తీసి, 400 రెట్లు పెద్దది చేసి చూస్తారు. అగ్గితెగులు సిద్ధబీజం ఒకవైపు లావుగా, ఒకవైపు మొన తేలి, లోపల రెండు అడ్డుగోడలతో, అంటే మూడు గదులతో ఉంటుంది. దాదాపు రంగు ఉండదు. పొడవు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. గోధుమ మచ్చది దానికి నాలుగైదు రెట్లు పొడవు. మందంగా, గోధుమరంగులో, కాస్త వంగి, పడవలా ఉంటుంది. లోపల అడ్డుగోడలు ఆరు నుంచి పద్నాలుగు దాకా ఉంటాయి. ఈ రెంటినీ ఒకసారి చూసినవాడు మళ్ళీ పొరబడడు. మా పొలంలోని ఆకులు బాపట్ల దాకా వెళ్ళి ఉంటే, గిన్నెలో రెండు రోజులు, మైక్రోస్కోపు కింద ఐదు నిమిషాలు. అంతే పట్టేది.

శిలీంద్రాలకు పేర్లు పెట్టడం కూడా చాలాకాలం ఇలా రూపాన్ని బట్టే జరిగింది. అగ్గితెగులు శిలీంద్రానికి పైరిక్యులేరియా అని పేరు. పియర్ పండు ఆకారం నుంచి వచ్చిన పేరది. గోధుమ మచ్చ శిలీంద్రాన్ని మొదట హెల్మింథోస్పోరియం అన్నారు, పురుగులాంటి సిద్ధబీజం అని అర్థం. తరవాత డ్రెక్స్‌లెరాలో చేర్చారు. ఇప్పుడు బైపోలారిస్ అంటున్నారు. దీని సిద్ధబీజం మొలకెత్తేటప్పుడు రెండు కొసల నుంచీ మొలక వస్తుంది కాబట్టి ఆ పేరు. ఇది చిన్న తెగులు అనుకోకండి. 1942లో బెంగాల్ వరి పంటను దెబ్బతీసింది ఇదే. మరుసటి ఏడు వచ్చిన మహా కరువుకు ఇది ఎంతవరకు కారణం, యుద్ధకాలపు ధరలూ పంపిణీ ఎంతవరకు కారణం అనేదాని మీద పండితుల మధ్య వాదన ఉంది. పంట దెబ్బతిన్న మాట మాత్రం రికార్డుల్లో ఉంది.

పేర్ల విషయంలో ఇంకో చిక్కు కూడా ఉండేది. చాలా శిలీంద్రాలకు రెండు రకాల బతుకులుంటాయి. జత కూడకుండా సిద్ధబీజాలు వేసే దశ ఒకటి, జత కూడి వేరే రకం బీజాలు వేసే దశ ఇంకొకటి. రెండు దశలూ చూడడానికి ఒకదానికొకటి పోలిక ఉండవు. అందుకని రెండు దశలకూ రెండు పేర్లు పెట్టుకునే వీలు నియమాల్లోనే ఉండేది. అగ్గితెగులు శిలీంద్రం అలాగే ఒక దశలో పైరిక్యులేరియా, ఇంకో దశలో మాగ్నపోర్తే. మన బళ్ళో హాజరు పట్టీలో ఒక పేరు, వీధిలో ఒక పేరు ఉన్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. మాస్టారు హాజరు పట్టీ పేరుతో పిలిస్తే పక్కవాడు డొక్కలో పొడిచే దాకా పలికేవాళ్ళు కాదు. జన్యువులు చదవడం వచ్చాక రెండు దశలూ ఒకే జీవివని తేల్చడం సులువైంది. 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశం ఒక శిలీంద్రానికి ఒకే పేరు అని నియమం మార్చింది. అలవాటు కొద్దీ రెండో పేరు వాడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది మన దగ్గరా ఉన్నదే.

ఇప్పుడు జన్యువుల సంగతి. ఇది నా యంత్రం ఉన్న చోటు కాబట్టి కొంచెం ఉత్సాహంగా చెబుతాను, క్షమించాలి.

ప్రతి జీవి కణంలోనూ డీఎన్ఏ అనే పొడవాటి రాత ఉంటుంది. నాలుగే నాలుగు అక్షరాల రాత. శిలీంద్రాన్ని తెగులు మచ్చ నుంచి వేరు చేసి, గిన్నెలో ఒక్కదాన్నే పెంచి, దాని నుంచి డీఎన్ఏ తీస్తారు. అంత రాతా చదవనక్కర్లేదు. గుర్తు పట్టడానికి పనికొచ్చే చిన్న ముక్క చాలు. ఐటీఎస్ అనే భాగం అలాంటిది. దానిలో సాధారణంగా కొన్ని వందల అక్షరాలుంటాయి. 2012లో శాస్త్రవేత్తలు దాన్ని శిలీంద్రాలన్నిటికీ ఉమ్మడి బార్‌కోడ్‌గా ప్రతిపాదించారు. కిరాణా కొట్లో సబ్బు మీద గీతలుంటాయే, అలా అన్నమాట.

ఆ ముక్కను చదవాలంటే దాని నకళ్ళు కోట్లలో కావాలి. ఆ పని చేసేదే పీసీఆర్. నమూనాను 95 డిగ్రీల దాకా వేడి చేస్తే డీఎన్ఏ రెండు పేటలూ విడిపోతాయి. 55 డిగ్రీల చుట్టుపక్కలకు చల్లారిస్తే మనం వేసిన చిన్న గుర్తు ముక్కలు సరైన చోట అతుక్కుంటాయి. 72 డిగ్రీలకు తెస్తే ఎంజైము కొత్త పేటను అల్లుతుంది. ఒక చుట్టుకు ఒకటి రెండవుతుంది. లెక్క ప్రకారం ముప్పై చుట్లకు ఒకటి 107 కోట్లు అవుతుంది. చదరంగం గళ్ళలో గింజలు పెట్టే కథ పిల్లలకు తెలుసు కదా, అదే లెక్క. తరవాత ఆ ముక్కలోని అక్షరాలు చదివి, ఇదివరకు తెలిసిన శిలీంద్రాల అక్షరాలతో పోల్చి, ఎవరికి ఎవరు ఎంత దగ్గరో వంశవృక్షం గీస్తారు. దగ్గరి చుట్టాల మధ్య ఐటీఎస్ ఒక్కటే తేడా చూపించలేకపోతే మరి రెండు మూడు జన్యువులు కూడా చదువుతారు.

దీనివల్ల ఏం తేలింది? అగ్గితెగులు ఒక్క వరికే రాదు. రాగులకు వస్తుంది, కొర్రలకు వస్తుంది, పొలం గట్ల మీద గడ్డికీ వస్తుంది. అన్నిటి మీదా సిద్ధబీజాలు ఒకేలా ఉంటాయి, మూడు గదులవి. రూపం చూసి అన్నీ ఒకే జాతి అనుకున్నారు. 2002లో ఇద్దరు శాస్త్రవేత్తలు మూడు జన్యువులు చదివి పోల్చితే, ఒక రకం గడ్డి మీద ఉన్నది వరి మీది దానికి వేరే జాతి అని తేలింది. మైక్రోస్కోపు కింద రెంటికీ తేడా చూపలేం. అంటే వేపకూ కరివేపకూ వెలుతురులో తేడా కనబడింది గాని, ఇక్కడ వెలుతురు కూడా చాల్లేదు. 2005లో వరి అగ్గితెగులు శిలీంద్రం మొత్తం జన్యురాతనే చదివి ప్రచురించారు.

ఈ తేడాలతో రైతుకేం పని అని మీరు అడగవచ్చు. బంగ్లాదేశ్ సంగతి చెబుతాను. 2016 ఫిబ్రవరిలో అక్కడ ఎనిమిది జిల్లాల్లో గోధుమ కంకులు ఉన్నట్టుండి తెల్లబోయాయి. దాదాపు 15,000 హెక్టార్లు. గోధుమకు అగ్గితెగులు మొదటిసారి కనిపించింది 1985లో బ్రెజిల్‌లో. అప్పటి నుంచి అది దక్షిణ అమెరికా దాటి ఇటు రాలేదు. మైక్రోస్కోపు కింద చూస్తే అదే మూడు గదుల సిద్ధబీజం. అది అగ్గితెగులే అని రూపం చెప్పింది. కాని అసలు ప్రశ్న అది కాదు. పక్క పొలంలో వరి మీదున్న తెగులే గోధుమకు ఎక్కిందా? లేక బయటి నుంచి కొత్తది వచ్చిందా? మొదటిదైతే వరీ గోధుమా పక్కపక్కన పండే గంగా మైదానమంతా ఏ రోజైనా అంటుకోవచ్చు. రెండోదైతే విత్తనం, ధాన్యం రాకపోకల మీద కన్నేయాలి. దక్షిణ అమెరికాలో ఏ గోధుమ రకాలు తట్టుకున్నాయో వెతకాలి.

బంగ్లాదేశ్ శాస్త్రవేత్తలు వేరే దేశాల వాళ్ళతో కలిసి, తెగులు సోకిన ఆకుల నుంచే నేరుగా జన్యురాత చదివారు. చదివింది దాచుకోకుండా అందరికీ కనిపించేలా పెట్టారు. అది దక్షిణ అమెరికా గోధుమ పొలాల్లోని వంశానికి దగ్గరదనీ, పక్కనున్న వరి మీదిది కాదనీ తేలింది. మరుసటి ఏడాదే తెగులును తట్టుకునే గోధుమ రకం ఒకటి బంగ్లాదేశ్‌లో విడుదలైంది. మన దేశంలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సరిహద్దులోని ముర్షిదాబాద్, నదియా జిల్లాల్లో గోధుమ వేయకుండా ఆపింది. ఆ తరవాత ఆఫ్రికాలో జాంబియాలో కూడా ఈ తెగులు బయటపడింది. అదీ ఇదే వంశమని జన్యురాతే చెప్పింది. రూపం మాత్రమే చూసి ఉంటే ఇవేవీ తెలిసేవి కావు.

అయితే ఇక జన్యువు చాలు, మైక్రోస్కోపులు అటక మీద పెట్టేద్దాం అనుకుంటే అదీ పొరపాటే. ఇది నా కళ్ళెదుట జరిగింది. ఏ ప్రయోగశాలో చెప్పను. అక్కడ పీసీఆర్‌తో వరి నమూనాలలో అగ్గితెగులు ఉందో లేదో చూస్తున్నారు. డీఎన్ఏ పట్టీ కనిపిస్తే ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు. యంత్రానికి ఏటా చేసే తనిఖీకి నేను వెళ్ళాను. పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి దగ్గరికొచ్చి, "సార్, ఈ నాలుగు నమూనాల్లో మైక్రోస్కోపులో సిద్ధబీజాలు కనిపిస్తున్నాయి. మీ యంత్రం లేదంటోంది. ఎవరి మాట నమ్మాలి?" అంది. పెద్దవాళ్ళు ఆ అమ్మాయి చూపుదే తప్పని అప్పటికే తేల్చేశారు. యంత్రం కదా, అబద్ధం చెప్పదు అని.

నేను వేడి కొలిచే తీగలు పెట్టి నమూనా గుంటలన్నీ ఒక్కొక్కటీ కొలిచాను. మధ్య గుంటల్లో 95 డిగ్రీలు సరిగ్గా ఉంది. ఒక అంచు వరసలో మాత్రం ఐదారు డిగ్రీలు తక్కువ. అక్కడ డీఎన్ఏ పేటలు పూర్తిగా విడిపోవడం లేదు, నకళ్ళు తయారవడం లేదు. ఆ నాలుగు నమూనాలూ ఎప్పుడూ ఆ వరసలోనే పెట్టేవారు. యంత్రం సరిగ్గా ఉందా లేదా అని చూసుకోవడానికి వేసే, ఖచ్చితంగా తెగులు ఉందని తెలిసిన నమూనాను ఎప్పుడూ మధ్య గుంటలోనే పెట్టేవారు. అది ప్రతిసారీ సరిగ్గానే వచ్చేది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఆ అమ్మాయి మైక్రోస్కోపులో చూడకపోతే, చూసినా అడగకపోతే, ఇంకెన్నాళ్ళు అలా సాగేదో. వేడి దిమ్మ మార్చాను. నాలుగూ పట్టీ చూపించాయి. జన్యువు తప్పు చెప్పినప్పుడు రూపం సరిదిద్దింది.

కాబట్టి ఈ రంగంలో మంచి పద్ధతి ఏమిటంటే, రూపం, జన్యువు, ప్రవర్తన మూడూ చూడడం. ప్రవర్తన అంటే, వేరుచేసిన శిలీంద్రాన్ని ఆరోగ్యంగా ఉన్న మొక్క మీద వేసి, అదే తెగులు మళ్ళీ వస్తోందా అని చూడడం. మచ్చ మీద దొరికిన ప్రతి బూజూ ఆ మచ్చకు కారణం కాదు. దొంగతనం జరిగిన ఇంటి ముందు నిలబడినవాళ్ళంతా దొంగలు కానట్టే. పైగా ఒకే జాతిలోనూ ఒక వరి రకాన్ని పడగొట్టేది ఒకటి, పడగొట్టలేనిది ఒకటి ఉంటాయి. అందుకే రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ లాంటి చోట్ల అగ్గితెగులు బాగా వచ్చేలా ప్రత్యేకంగా నారుమళ్ళు పెంచి, వాటిలో కొత్త వరి రకాలను పరీక్షిస్తారు.

సరైన పేరు తెలిస్తే సరైన మందు తెలుస్తుంది. దీనికి ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను, ఇంజనీరుని కదా. అగ్గితెగులు శిలీంద్రం ఆకు మీద వాలాక ఒక చిన్న బుడగలాంటి భాగం తయారు చేసుకుంటుంది. ఆ బుడగ లోపల పెరిగే ఒత్తిడి కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి ముప్పై రెట్లకు పైమాటే. ఆ బలంతో ఆకు పైపొరను గుచ్చుకుని లోపలికి పోతుంది. అంత ఒత్తిడికి బుడగ పగలకుండా గోడలో మెలనిన్ అనే నల్లటి పదార్థం ఉండాలి. మన రైతులకు బాగా తెలిసిన ట్రైసైక్లజోల్ మందు ఆ మెలనిన్ తయారు కాకుండా ఆపుతుంది. బుడగకు బలం లేక శిలీంద్రం ఆకులోకి దిగలేదు. ఆ మందు కిటుకంతా అగ్గితెగులు పద్ధతి మీద ఆధారపడింది. పేరు తప్పు చెప్పి వేరే తెగులుకు అదే కొడితే డబ్బులు పోవడమే. మాకైతే పేరు తప్పి, మందుకు బదులు తెగులుకే మేత వేశాం.

చివరగా మళ్ళీ మా నాన్న దగ్గరికి వస్తాను. 2009లో నేను ఒక పాత మైక్రోస్కోపు బాగుచేసి ఇంటికి తెచ్చుకున్నాను. తెలిసిన ప్రయోగశాల నుంచి గాజు పలకలు రెండు అడిగి తెచ్చాను. నాన్నను కూర్చోబెట్టి చూపించాను. మొదటిది చూసి, "బొంగరంలా ఉందే" అన్నారు. పుస్తకాలన్నీ పియర్ పండు అంటాయి. మా నాన్న పియర్ పండు ఎన్నడూ చూసి ఉండరు. నిజానికి బొంగరమే సరైన పోలిక. రెండోది చూసి, "ఇది పడవ" అన్నారు. ఏది ఏ తెగులో చెప్పాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటి పలక పెట్టమన్నారు. చాలాసేపు చూశారు. "అయితే ఆ యేడు మన చేలో ఉన్నది బొంగరమన్నమాట" అన్నారు.

ఇరవై ఏళ్ళలో ఆ సంగతి ఆయన నోట రావడం అదే మొదటిసారి. నేను అప్పుడు చెప్పగలిగాను. "నాన్నా, తప్పు నాది. నేను చూడకుండా చెప్పాను" అన్నాను. ఆయన అన్న మాట ఇది. "నాకూ అనుమానం వచ్చిందిరా అబ్బాయ్. మచ్చ కొసలు సన్నగా ఉన్నాయి. అంతకుముందు ఒకసారి అలాంటిదే మీ తాత చేలో చూశాను. కాని చదువుకున్నవాడివి నువ్వు చెప్పాక మళ్ళీ అడగడం ఎందుకులే అని ఊరుకున్నాను."

నా తప్పు పేరు తప్పు చెప్పడం ఒక్కటే అనుకుంటూ వచ్చాను. నా చదువు చూసి మా నాన్న తన అనుమానాన్ని నోట్లోనే దాచుకున్నారని ఆ రోజు తెలిసింది. మేమిద్దరం మాట్లాడుకుని ఉంటే ఆయన చూపు, నా పుస్తకం కలిసి ఆకును బాపట్ల దాకా తీసుకెళ్ళేవి. ఇక్కడ చదువుకుని డాక్టర్లు, ఇంజనీర్లు, అధికారులు అయినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. మన మాటకు ఇంట్లో, ఊళ్ళో విలువిస్తారు. అందుకే "నాకు తెలియదు, చూసి చెబుతాను" అనే మాట మనమే ముందు అలవాటు చేసుకోవాలి. ఎదుటివాళ్ళను "మీకేమనిపిస్తోంది?" అని అడగాలి.

నాన్న ఇప్పుడు లేరు. ఆ మైక్రోస్కోపు ఉంది. దాన్ని ఈ స్వర్ణోత్సవ సందర్భంగా మన బడి సైన్సు గదికి ఇస్తున్నాను. మా బ్యాచ్ మిత్రులు చందాలేసుకుని మరో రెండు కొత్తవి కొన్నారు. బిగించే పని, ఏటా తనిఖీ చేసే పని నాది. దానికి బిల్లు పంపను. ఏటా కార్తీకంలో, చేలు ఈనే రోజుల్లో, ఒక ఆదివారం ఇక్కడికొచ్చి కూర్చుంటాను. పిల్లలూ, మీ ఇంటి చేలో మచ్చలున్న ఆకులు కనిపిస్తే తీసుకురండి. వచ్చేటప్పుడు మీ నాన్నను, తాతను కూడా వెంటబెట్టుకు రండి. వాళ్ళు కంటితో చూసింది వాళ్ళు చెబుతారు, మైక్రోస్కోపులో చూసింది మీరు చెప్పండి. రెండూ కలవకపోతే, అప్పుడు బాపట్ల పంపిద్దాం.

కార్యదర్శి చేతి గడియారం చూస్తున్నాడు. పులిహోర వాసన నాకూ తగిలింది. అందులో కరివేపాకు కనిపిస్తే, ఒకసారి వెలుతురుకు అడ్డం పట్టుకుని చూసి మరీ తినండి.